పొలిమేరలు దాటిన పెండ్లి పీటలు

వివాహము సంస్కారమా, ఒడంబడికయా అని పండితులు చిరకాలముగా వాదించుచున్నారు. ఆ వాదమును వారికే విడిచి, మన కుటుంబముల చరిత్రకు దగ్గరగా నున్న వేరొక ప్రశ్నను మేమిచ్చట ఎత్తుకొనుచున్నాము. ఒకే యింటిపేరు, ఒకే గోత్రము, ఒకే ఆచారము గల తెలుగు బంధుకూటమి నాలుగైదు ప్రభుత్వముల నేలపై చెదరి నిలిచినప్పుడు, వారి పెండ్లిండ్లును, ఆ పెండ్లిండ్ల రద్దును ఏ ధర్మమునకు లోబడి యుండెను? బళ్ళారి, కోలారు, మధుర, బరంపురము, సోలాపురము, యానాము అనునవి నేడు మన సంఘముల చిరునామాలు. 1955 వరకు ఇవి వేరువేరు వివాహ శాసనముల చిరునామాలు కూడ. తాతముత్తాతల వలసలను గూర్చియు, వారు కట్టించిన గుళ్ళను, సత్రములను గూర్చియు మనము పిల్లలకు చెప్పుదుము. వారి యాడుబిడ్డల పెండ్లిండ్లు ఏ కట్టుబాటున నడచెనో, విడిపోయినవారు ఏ కట్టుబాటున విడిపోయిరో చెప్పము. ఆ మౌనము వలన నేడు కొన్ని కుటుంబములకు, అందును స్త్రీలకు, కలుగుచున్న నష్టము చిన్నది గాదు.

వలస వచ్చినవాడు వెంట ఏమి తెచ్చుకొనును? భాషను, ఇలవేల్పును, వంటను తెచ్చుకొనునని అందరు నెరుగుదురు. వివాహ ధర్మమును కూడ తెచ్చుకొనునని న్యాయస్థానములు అంగీకరించినవి. హిందూ కుటుంబ మొకటి ఒక ప్రాంతమునుండి మరియొక ప్రాంతమునకు వలసపోయినచో, ఆ కుటుంబము తన పూర్వ ప్రాంతపు ధర్మమును, ఆచారమును వెంట గొనిపోయినట్లే భావింపవలెననియు, విడిచినదని చెప్పువారే దానిని రుజువు చేయవలెననియు 19వ శతాబ్దినుండి ప్రీవీ కౌన్సిలు తీర్పులలో స్థిరపడిన సూత్రము. రామనాథపురపు సేతుపతుల దత్తత వివాదమున 1868లో అదే ప్రీవీ కౌన్సిలు, స్పష్టముగా రుజువైన ఆచారము లిఖితమైన శాస్త్రవచనముకంటె బలమైనదని తీర్మానించెను. ఈ రెండు సూత్రములును మనవంటి వారికి పెట్టనికోటల వంటివి. మధురలోనున్న తెలుగు కుటుంబమునకు తమిళుల ఆచారమును, బరంపురముననున్న కుటుంబమునకు ఒడియాల ఆచారమును బలవంతముగా అంటగట్టు నవసరము అందువలన లేకపోయెను. అయితే ఆ రెండవ సూత్రమున రుజువు అను మాట యొకటి కలదు. ఆ మాటను పాఠకులు జ్ఞాపక ముంచుకొనవలెను. మన కథ యంతయు దాని చుట్టునే తిరుగును.

మనవారు వెంట తెచ్చుకొన్న ఆచారములలో రెండు ముఖ్యమైనవి. మొదటిది మేనరికము. మేనమామ కూతురును, మేనత్త కూతురును, కొన్ని కులములలో అక్క కూతురును చేసికొనుట తెలుగునాట తప్పుగాదు సరిగదా, అది హక్కుగా చెల్లినది. కర్ణాటకమునను తమిళ దేశమునను ఇరుగుపొరుగువారికి ఇది వింత గాదు. వారిలోను ఇట్టి సంబంధములు కలవు. ఒడిస్సాలో అట్లు గాదు. అచ్చటి ఇరుగుపొరుగువారు మేనమామ బిడ్డలను తోబుట్టువులుగా నెంతురు. బరంపురము తెలుగింట మేనరికపు పెండ్లి జరిగినప్పుడు ప్రక్కయింటి ఒడియా కుటుంబము నొచ్చుకొనుటయు, మనవారు నవ్వి యూరకుండుటయు ఆ పట్టణమున పాతబడిన సంగతులు.

రెండవది విడాకులును మారుమనువును. హిందువులకు విడాకులు 1955లోనే వచ్చినవని చదువుకొన్న కుటుంబములలో నొక నమ్మకము కలదు. అది బ్రాహ్మణులకు, వారి యాచారమును అనుసరించిన మరికొన్ని కులములకు మాత్రమే చెల్లును. సాగు చేసికొను కులములలో, నేతపని వారిలో, చేతిపనుల వారిలో, శ్రమ చేసి బ్రతుకు జాతులలో పెక్కింట భార్యాభర్తలు కులపెద్దల యెదుట విడిపోవుటయు, విడిపోయిన స్త్రీయు, భర్త పోయిన స్త్రీయు మరల మనువాడుటయు తరతరములుగా నున్నవే. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణ భారత కులముల గ్రంథమున ఇట్టి వర్ణనలు అనేకములు గలవు. విడాకు అను మాటలోనే విడుచుటయు ఆకును కలిసి యున్నవి. విడుదల పత్రమను అర్థమున ఆ మాట నిఘంటువుల కెక్కినది. తాటియాకుపై వ్రాత నడచిన దినముల వాసన అందున్నది. పొరుగు భాషలలోను ఇట్టి పలుకుబడులు కలవు. మరాఠీలో మారుమనువును పాట్ అందురు. విడిపోవుటను పుల్ల విరుచుటగా కాడీమోడ్ అందురు. కన్నడమున మారుమనువు ఉడికె. కావున సోలాపురమునకు పోయిన తెలుగు సాలెవానికి గాని, బళ్ళారి సీమ తెలుగు రైతునకు గాని ఈ విషయమున పొరుగువాడు పరాయివాడుగా తోచలేదు.

ఆ కట్టుబాటులో మంచియు చెడుగును రెండును గలవు. ఓలి యిచ్చి తెచ్చుకొన్న భార్య విడిచిపోయినచో ఓలి తిరిగి ఇచ్చుట, తాళి తిరిగి యిచ్చుట, పెద్దలకు తప్పు చెల్లించుట మొదలగు నియమములు ఒక్కొక్క కులమున ఒక్కొక్క తీరున నుండెను. మారుమనువునకు తొలి పెండ్లికి గల మర్యాద లేదు. మేళతాళములు తక్కువ, పెక్కు చోట్ల చీర పెట్టి, బొట్టు కట్టి, రాత్రివేళ కొద్దిమంది యెదుట ముగించెడివారు. మారుమనువు స్త్రీ శుభకార్యములలో ముందు నిలువరాదనునట్టి చిన్నచూపు కూడ నుండెను. అయినను ఆమెకు మరల నొక యిల్లు దొరకెను. ఆమె బిడ్డలకు తండ్రి పేరు దొరకెను. అదే కాలమున పెద్ద కులముల యిండ్లలో పదేండ్లకే వితంతువైన పిల్ల జీవితాంతము వంటయింటి మూలన గడపవలసి వచ్చెను. 1856లోనే వితంతు పునర్వివాహమును చెల్లుబాటు చేయు శాసనము వచ్చినను, కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించుటకు 1881 డిసెంబరు 11వ తేదీ వరకు పట్టెను. దిగువనున్నవారని తలచిన కులములకు ఏనాటినుండియో గల హక్కునకై పైవారు పెద్ద యుద్ధము చేయవలసి వచ్చుట మన సంఘ చరిత్రలోని వింతలలో నొకటి.

బాల్య వివాహముల తీవ్రత యెంతయో తెలియుటకు గురజాడ అప్పారావుగారు కన్యాశుల్క నాటకపు తొలి కూర్పునకు 1897లో వ్రాసిన పీఠిక చాలును. విజయనగర మహారాజు విశాఖపట్నము జిల్లాలో మూడేండ్లలో శుల్కము పుచ్చుకొని చేసిన పెండ్లిండ్లను లెక్కింపించగా 1034 తేలినవి. అందు 99 మంది పిల్లలకు అయిదేండ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క యేడు. శుల్కము పుచ్చుకొన్నామని ఒప్పుకొనుటకు ఇష్టపడనివారు పెక్కుమంది గనుక ఆ లెక్క సంపూర్ణము గాదని కూడ వ్రాసిరి. నాడు బరంపురము గల గంజాము జిల్లాయు, విశాఖయు ఒకే మద్రాసు రాజధానిలో ప్రక్కప్రక్కల నుండి, పెండ్లి సంబంధములు అటునిటు సాగినవి. కావున ఆ లెక్కలోని పసికూనలు మనకు పరాయివారు గారు.

ఇచ్చటనుండి పొలిమేరల కథ ఆరంభమగుచున్నది. మైసూరు సంస్థానము 1894లోనే శిశు వివాహ నిరోధక శాసనము చేసెను. ఎనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుటను, ఏబదేండ్లు దాటినవాడు పదునాలుగేండ్లు నిండని పిల్లను చేసికొనుటను అది నేరముగా నెంచెను. కావున కోలారు సీమలోని తెలుగు తండ్రికి 1894నుండి ఒక హద్దు ఏర్పడెను. ఆ హద్దు పొలిమేరకు ఆవల, చిత్తూరు, అనంతపురము ప్రాంతములలో, అతని వియ్యాలవారికి లేదు. బ్రిటిషు ఇండియా అంతటికిని హద్దు ఏర్పడుట మరి ముప్పదియైదేండ్లకు గాని సాధ్యపడలేదు. హరవిలాస శారదా ప్రతిపాదించిన శాసనము 1929లో ఆమోదము పొంది 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. ఆడుపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏండ్లు కనీస వయస్సుగా నిర్ణయించెను. ఆమోదమునకును అమలునకును నడుమ చిక్కిన ఆరు మాసములలో దేశమంతట తొందరపెండ్లిండ్లు వెల్లువగా జరిగినవి. 1931 జనాభా లెక్కలలో బాలభార్యల సంఖ్య పెరిగి కనబడుటకు అది యొక ముఖ్య కారణము.

ఆ శాసనము నేరస్థులకు శిక్ష విధించెను గాని, జరిగిన పెండ్లి చెల్లదనలేదు. ఈ సందును కనిపెట్టినవారికి యానాము దారి చూపెను. గౌతమీ తీరమున, నాటి తూర్పు గోదావరి జిల్లా నడుమ, కొద్ది గ్రామములతో నున్న ఆ ఫ్రెంచి నేలపై శారదా శాసనము లేదు. చుట్టుప్రక్కల బ్రిటిషు జిల్లాల కలవారు పిల్లలను, పురోహితుని, వంటవారిని, మేళమును వెంట బెట్టుకొని యానాము చేరి పెండ్లి ముగించుకొని మరలిపోవుచుండిరి. అందుచే ఆ యూరికి కల్యాణపురమను పేరు వచ్చెను. పేరు చెవికి ఇంపుగానే యుండును. ఆ పేరు క్రింద నలిగినవారు పసిపిల్లలని మరువరాదు. 1938లో శాసనమును సవరించి, బ్రిటిషు ప్రజలు ఎచ్చటనున్నను వర్తించునట్లు చేసిన తరువాత, పొలిమేర దాటినవారికిని ఆ శాసనము అంటుకొనెను.

యానామునకే మరియొక ప్రత్యేకత గలదు. ఫ్రెంచివారు 1880లో ఒక శాసనముచే తమ భారత స్థావరములలో పుట్టుక, పెండ్లి, చావులను ప్రభుత్వపు పుస్తకములలో వ్రాయించుటను విధిగా చేసిరి. 1881లో మరియొక శాసనముచే, కోరినవారు తమ కులాచార ధర్మమును పరిత్యజించి ఫ్రెంచి పౌర ధర్మమునకు లోబడవచ్చునని అవకాశ మిచ్చిరి. ఆ విధముగా పరిత్యజించిన వారిని రెనోన్సాంలు అందురు. అట్టివారు అధికముగా పుదుచ్చేరి ప్రాంతమువారు. పరిత్యజింపనివారు తమ ఆచారములతోనే యుండిరి. అయినను వారి పెండ్లికి గూడ వ్రాత నడచెను. ఏ యూరు పసిపిల్లల పెండ్లిండ్లకు పేరుపడెనో, ఆ యూరి నివాసులకే పెండ్లికి కాగితము గల అలవాటు మనలో నందరికంటె ముందు అబ్బెను. పొరుగుననున్న కోటిపల్లి, ద్రాక్షారామము వారికి పెండ్లినాటి సాక్ష్యము పురోహితుని జ్ఞాపకమును, శుభలేఖయు మాత్రమే.

విడాకుల విషయమునను పొలిమేర లిట్లే పనిచేసినవి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమై గంజాము అందు కలిసెను. బొంబాయి ప్రభుత్వము 1946లో ద్విభార్యా నిషేధమును, 1947లో హిందువులకు విడాకుల శాసనమును చేసెను. మద్రాసు ప్రభుత్వము 1949లో ఈ రెంటిని కలిపి యొకే శాసనము చేసెను. పాఠకులు ఒక తండ్రికి ముగ్గురు కూతుండ్లున్నట్లు ఊహింపుడు. ఒకతెను సోలాపురమునను, ఒకతెను ఇచ్ఛాపురమునను, ఒకతెను బరంపురమునను ఇచ్చినాడనుకొందము. ముగ్గురి కులమునను ఆచారపు విడాకులు లేవనుకొందము. ముగ్గురి భర్తలును 1950లో రెండవ భార్యను తెచ్చుకొనదలచిరి. సోలాపురపు ఆమెకును, ఇచ్ఛాపురపు ఆమెకును శాసనము అండగా నిలిచి, ఆ రెండవ పెండ్లి చెల్లదనెను. తగిన కారణమున్నచో విడాకులు కోరు హక్కు నిచ్చెను. ఇచ్ఛాపురమునకు కొద్ది మైళ్ళ దూరముననున్న బరంపురపు ఆమెకు మద్రాసు శాసనము వర్తింపదు. 1946 కేంద్ర శాసనము ప్రకారము ప్రత్యేకముగా నివసించి మనోవర్తి యడుగు హక్కు మాత్రమే ఆమెకు మిగిలెను. ముగ్గురును ఒకే తల్లి బిడ్డలు. ఒకే పురోహితుడు చేయించిన పెండ్లిండ్లు. రాష్ట్రముల సరిహద్దులను గూర్చి మనవారు చేసిన వాదములలో భాషకు, ఉద్యోగములకు, నదీజలములకు చోటు దొరకెను. ఈ బరంపురపు కూతురునకు ఎచ్చటను చోటు దొరకలేదు.

1955 మే 18వ తేదీన హిందూ వివాహ శాసనము అమలునకు వచ్చుటతో ఈ పొలిమేరలు చాలవరకు చెరిగిపోయినవి. బహుభార్యాత్వము అంతటను చెల్లకుండ పోయెను. విడాకులు అంతటను వచ్చినవి. యానాము 1954లో ఫ్రెంచి పాలననుండి విడివడి, 1962లో చట్టరీత్యా భారతదేశమున కలిసిన పిమ్మట, 1963లో ఈ శాసనము అచ్చటకును విస్తరించెను; రెనోన్సాంలను మాత్రము మినహాయించిరి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ శాసనములో గూడ ఆ మినహాయింపు మరల కనబడును. తమిళనాడు 1967లో స్వాభిమాన వివాహములను చెల్లుబాటు చేయు సవరణ నొకదానిని చేసికొనెను. అందుచే అచ్చటి తెలుగు కుటుంబములు కూడ పురోహితుడు లేకయే బంధుమిత్రుల యెదుట దండలు మార్చుకొనియో, ఉంగరములు మార్చుకొనియో, తాళి కట్టియో పెండ్లి చేసికొనవచ్చును. కర్ణాటకమున గాని, ఒడిస్సాలో గాని ఇట్టి సవరణ లేదు. చెరిగిన పొలిమేరల గుర్తులు ఇంకను ఇట్లు అచ్చటచ్చట మిగిలి యున్నవి.

ఆ శాసనము ఆచారమునకు మూడు ద్వారములు తెరచి యుంచెను. వధూవరులలో నెవరి యాచారపు తంతుచేనైనను పెండ్లి జరుగవచ్చును. కావున మన జీలకర్ర బెల్లము, తలంబ్రాలు, మంగళసూత్ర ధారణము, సప్తపది తమ స్థానమున నిలిచినవి. రెండవది, మేనమామ మేనకోడలు, అన్నాచెల్లెండ్ర బిడ్డలు నిషిద్ధ సంబంధములని శాసనము చెప్పుచునే, ఉభయుల ఆచారము అనుమతించునెడల తప్పులేదనెను. మూడవది, ఆచారముచే సిద్ధించిన విడాకుల హక్కును ఈ శాసనము తీసివేయదని స్పష్టముగా చెప్పెను. ఆచారమనగా నేమి? చాలకాలముగా, ఎడతెగక, ఒకే తీరున పాటింపబడుచు, ఒక ప్రాంతమునగాని, తెగయందుగాని, సంఘమునగాని, కుటుంబమునగాని శాసనబలము పొందినది యని నిర్వచనము. కుటుంబాచారమైనచో ఆ కుటుంబము దానిని మానియుండరాదు.

మొదట మేము జ్ఞాపక ముంచుకొనుడన్న రుజువు ఇప్పుడు ముందునకు వచ్చుచున్నది. ఆచారము ఉన్నదని చెప్పినంత మాత్రమున న్యాయస్థానము నమ్మదు. కర్ణాటకమునుండి వచ్చిన యొక వ్యాజ్యమున 2002లో సుప్రీంకోర్టు, ఆచారపు విడాకులు సామాన్య ధర్మమునకు మినహాయింపు గనుక, వానిని కోరువారు ఆ యాచారమును వాదమున ఎత్తి చూపి, సాక్ష్యముచే నిలువబెట్టవలెనని తీర్మానించెను. తెలుగునాట ఒక గ్రామమున ఒక కులము పదిమందిగా బ్రతుకుచున్నప్పుడు సాక్ష్యమునకు కొదువ లేదు. కులపెద్దలుందురు, అట్లే విడిపోయి మరల మనువాడినవారు పది కుటుంబములు చూపవచ్చును. ఒక పట్టణమున ముప్పది కుటుంబములుగా నున్న మనకు ఆ సాక్ష్యము ఎచ్చట దొరకును? పెద్దలు పోయినారు. పంచాయతి తీర్పు కాగితము మీద వ్రాసిరా యనినచో పెక్కు చోట్ల వ్రాయలేదు. వ్రాసినచో, ఎవరి పెట్టెలో నున్నదో తెలియదు.

దీని బరువు ఎవరిపై పడునో ఆలోచింపుడు. కులపెద్దల యెదుట విడిపోయి మారుమనువాడిన స్త్రీ ముప్పది యేండ్లు రెండవ భర్తతో కాపురము చేయును. అతడు పోయిన తరువాత పింఛనుకో, ఇంటిలో భాగమునకో ఆమె కచ్చేరి మెట్లెక్కును. మొదటి పెండ్లి చట్టరీత్యా రద్దయినదా యని ప్రశ్న వచ్చును. ఆచారము రుజువు కానిచో ఆమె ముప్పది యేండ్ల కాపురము చట్టము దృష్టిలో కాపురమే కాకపోవును. ఆమె బిడ్డలకు శాసనము కొంత రక్షణ యిచ్చును. ఆమెకు ఆపాటి రక్షణ దొరకుట కష్టము. ఆమెను విడిచిన మొదటి భర్తకు గాని, తీర్పు చెప్పిన పెద్దలకు గాని ఏ చిక్కును లేదు. వ్రాతలేని ఆచారము మగవానికి సౌకర్యమైనంత తేలికగా స్త్రీకి సౌకర్యము కాలేదు. ఆచారమును మెచ్చుకొను మనము ఈ మాటను దాచిపెట్టరాదు.

ఇటీవలి దశాబ్దములలో వచ్చిన మార్పులను గూర్చి కొన్ని మాటలు. 1976 సవరణచే పరస్పర సమ్మతి విడాకులు వచ్చినవి. ఏడాది విడిగా నుండి, ఇరువురును కలిసి అర్జీ పెట్టుకొని, ఆరు మాసములు గడచిన పిమ్మట తీర్పు పొందవచ్చును. తగిన సందర్భములలో ఆ ఆరు మాసముల గడువును విడువవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పెను. మరల అతుకనంతగా చెడిన వివాహమును తన ప్రత్యేకాధికారముచే రద్దు చేయవచ్చునని 2023లో ఆ న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు నిచ్చెను. 1978లో కనీస వయస్సు ఆడుపిల్లకు 18, మగపిల్లవానికి 21 ఆయెను. 1984లో కుటుంబ న్యాయస్థానముల శాసనము వచ్చెను. ఇన్ని జరిగినను విడాకులు వరదవలె పొంగినవను మాట లెక్కలకు నిలువదు. 2011 జనాభా లెక్కలలో దేశమంతటను విడాకులు పొందినవారుగా వ్రాయించుకొన్నవారు సుమారు 13 లక్షల 60 వేలమంది. విడాకులు లేకయే విడిగా బ్రతుకుచున్నవారు సుమారు 35 లక్షలమంది. అనగా విడిపోయినవారిలో ఎక్కువమంది ఏ కాగితమును లేకయే విడిపోయినారు. మన పెద్దలు దిగులుపడవలసినది మొదటి సంఖ్యకు గాదు, రెండవ సంఖ్యకు.

మేనరికము సంగతియు మారుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, దగ్గరి రక్తసంబంధముల పెండ్లిండ్లు దేశము మొత్తముమీద సుమారు నూటికి 11 కాగా, తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశములలో నాలుగింట ఒక పాలు మించియున్నవి. అయినను చదువుకొన్న కుటుంబములలో ఆ పాలు తగ్గుచున్నదని మన శుభలేఖలే చెప్పుచున్నవి. వంశపారంపర్యముగా వచ్చు కొన్ని వ్యాధులు దగ్గరి సంబంధములలో బయటపడు నవకాశము హెచ్చని వైద్యులు చెప్పుచున్నారు. ఆ మాట పెడచెవిని పెట్టదగినది గాదు. మేనరికము తగ్గుట మంచిదే. కాని రాష్ట్రేతరాంధ్రులమగు మనకు మేనరికము మరియొక పని కూడ చేసిపెట్టినది. తరమునకొక కోడలు తెలుగునేలనుండి వచ్చి, వాడి తగ్గని తెలుగును ఇంటికి తెచ్చెడిది. మధురలో నాలుగు వందల యేండ్లుగా, బరంపురమున అంతకు తగ్గని కాలముగా ఇండ్లలో తెలుగు నిలిచినదన్నచో, అందు బడులకంటె కోడండ్ర పాలు ఎక్కువ. నేడు మన యిండ్లకు తమిళ కోడండ్రు, కన్నడ కోడండ్రు, ఒడియా అల్లుండ్రు వచ్చుచున్నారు. వారిని మనసార ఆహ్వానింపవలెను. కోడలిపై మోపిన ఆ భాషాభారమును మాత్రము ఇకమీద తాతలు, తండ్రులు, సంఘములు పంచుకొని మోయవలసి యున్నది.

ఇంతకును చేయవలసినదేమి? పెండ్లి నమోదు విషయమున జాప్యము చేయరాదు. అన్ని వివాహములను విధిగా నమోదు చేయు ఏర్పాట్లు చేయవలసినదిగా 2006లో సుప్రీంకోర్టు రాష్ట్రముల నాదేశించెను. కర్ణాటకము 1976లో, మహారాష్ట్రము 1998లో, తమిళనాడు 2009లో ఇందుకై శాసనములు చేసికొన్నవి. నమోదు ఒక్కటియే చాలదు. తంతు లేని నమోదు హిందూ వివాహము కాజాలదని 2024లో అదే న్యాయస్థానము చెప్పెను. కావున పందిరియు కావలెను, పత్రమును కావలెను. మేనరికపు పెండ్లియైనచో, ఆ సంబంధము మన కుటుంబములలో తరతరములుగా నున్నదని తెలుపు వంశవృక్షమును పెద్దలుండగనే వ్రాసి యుంచుకొనవలెను. పెద్దల యెదుట విడిపోయినవారు అంతటితో తృప్తిపడక, న్యాయస్థానమున పరస్పర సమ్మతి తీర్పు పొందుట స్త్రీకిని పురుషునకును క్షేమము. ఆ తీర్పు నకలు ఆడుబిడ్డ చేతిలో నుండవలెను; పుట్టింటివారి పెట్టెలోను, మామగారి బీరువాలోను ఉండుట చాలదు.

మన సంఘములు ఏటేట ఉగాది కవిసమ్మేళనములు జరుపుచున్నవి. ప్రత్యేక సంచికలు వెలువరించుచున్నవి. వానితోబాటు, ఒక్కొక్క పట్టణమున ఒక్కొక్క కులపు తెలుగువారి వివాహాచారములను, మారుమనువు కట్టుబాట్లను, పాత పంచాయతి కాగితములను సేకరించి వ్రాయించినచో, అది చరిత్రకును పనికివచ్చును, కచ్చేరిలో నిలువబడిన యొక నిస్సహాయురాలికిని పనికివచ్చును. వ్రాయునప్పుడు అందరి యాచారమును వ్రాయవలెను. పెద్ద కులముల పెండ్లిపాటలను వ్రాసికొని, సాలెవారి, చాకలివారి, మాలమాదిగల మారుమనువులను సిగ్గుపడి వదలివేయుట చరిత్ర కాజాలదు. ఒకనాడు చిన్నచూపు చూచిన ఆ మారుమనువులోనే, నేటి శాసనము అందరి యాడుబిడ్డలకును ఇచ్చిన హక్కు ముందుగా నుండినది. జ్ఞాపకము గల పెద్దలు ఇంకను కొందరు మన నడుమ నున్నారు. వచ్చు సంచికనాటికి ఒక్కొక్క పట్టణమునుండి ఒక్కొక్క కుటుంబపు కథయైనను వ్రాతలోనికి వచ్చినచో, ఈ వ్యాసము తన పని చేసినట్లే మేము భావింతుము.